మేత గోడౌను గదైంది: పైకప్పుకు ఐదు స్టార్లు, కాంట్రాక్టరుకు మూడు

మా పాత మేత గోడౌనును ఎండవేడి లోపలికి రాని గదిగా మార్పించాం. ముందు మార్కులు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి పేపర్లు దిద్దిన చెయ్యి, ఊరుకోదు. సీలింగు పైన పరిపించిన థర్మాకోలుకు ఐదుకు ఐదు. పడమటి గోడకు బయటివైపు వేయించిన థర్మాకోలుకు నాలుగు. రేకుల మీద తెల్ల పెయింటుకు నాలుగు. అందరూ అంటగట్టాలని చూసే బబుల్ ఫాయిలుకు, అంటే వెండిరంగు బుడగల షీటుకు, ఒకటి. పని చేసిన నెల్లూరు కాంట్రాక్టరుకు మూడు. ఆయన పేరు రాయడం లేదు. ఈ పని చేసేవాళ్ళలో చాలామంది ఇవే మాటలు చెబుతారు కాబట్టి పేరు కంటే ఆ మాటలు గుర్తుపట్టడమే మీకు ఉపయోగం.

మాది కోవూరు. కింది వాటా అద్దెకిచ్చి మేం మేడ మీద ఉంటాం. ఇంటి వెనక, పడమటి దిక్కున, మా ఆయన రొయ్యల మేత వ్యాపారం చేసే రోజుల్లో కట్టించిన గోడౌను ఉంది. పొడవు ఇరవై అడుగులు, వెడల్పు పన్నెండు. ఆరంగుళాల సిమెంటు ఇటుకతో ఒంటి వరస గోడ, లోపలా బయటా పూత లేదు. పైన సిమెంటు రేకులు, వాలు పడమటికి. తూర్పు గోడ పన్నెండడుగులు, పడమటిది పది. మేత బస్తాలకు అది చాలు. వ్యాపారం మానేశాక పాత కుర్చీలు, పిల్లల సైకిళ్ళు అందులో చేరాయి. మా అత్తగారికి ఎనభై దాటాయి, మెట్లు ఎక్కలేరు, దిగలేరు. అద్దెవాళ్ళను లేపడం మా ఆయనకు ఇష్టం లేదు. దాంతో ఈ గోడౌనునే గదిగా చేద్దామనుకున్నాం.

రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు. ఒంటి వరస సిమెంటు ఇటుక గదిలో ఉంటే మనిషి సంగతి ఏమిటో పని మొదలుపెట్టక ముందటి మే నెలలో చూశాను. వేడి, తేమ రెండూ చూపించే చిన్న డిజిటల్ మీటరు కొని లోపల ఒకటి, ఇంటి నీడలో ఒకటి పెట్టాను. మధ్యాహ్నం మూడింటికి బయట నీడలో 41 ఉంటే లోపల 43. ఇది ఊహించిందే. ఊహించనిది రాత్రి. పది గంటలప్పుడు, బయట సముద్రపు గాలి వచ్చి ప్రాణం తెరిపిన పడ్డాక కూడా, లోపల పడమటి గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది. గట్టి సిమెంటు ఇటుక మధ్యాహ్నమంతా ఎండ తాగి, నాలుగైదు గంటల తర్వాత తీరిగ్గా లోపలికి వదులుతుంది. అంటే సరిగ్గా మనం పడుకునే వేళకి.

ఒక లెక్క చెప్పి ముందుకు పోతాను, ఇది లేకపోతే కాంట్రాక్టరు చెప్పే ప్రతిదీ నిజమే అనిపిస్తుంది. వేడి ఒక పదార్థంలోంచి ఎంత తేలిగ్గా దాటుతుందో చెప్పే అంకెను ఉష్ణవాహకత అంటాం. కాంక్రీటుకు అది సుమారు ఒకటిన్నర. మన ఎర్ర ఇటుకకు అందులో సగం. ఇప్పుడు అపార్టుమెంట్లలో వాడే, లోపల గాలి బుడగలు నిండిన తేలికపాటి ఏఏసీ ఇటుకకు 0.2 లోపు. థర్మాకోలుకు 0.04 కంటే కాస్త తక్కువ. కాంక్రీటుకూ థర్మాకోలుకూ దాదాపు నలభై రెట్ల తేడా. రెండంగుళాల థర్మాకోల్ ఆపినంత వేడిని కాంక్రీటుతో ఆపాలంటే ఆరున్నర అడుగుల మందం గోడ కట్టాలి. కాబట్టి "ఇంకో వరస ఇటుక కట్టించుకోండమ్మా, చల్లగా ఉంటుంది" అనే బేల్దారి మేస్త్రీ సలహాను మర్యాదగా పక్కన పెట్టండి. ఖర్చు పెరుగుతుంది, గది చిన్నదవుతుంది, వేడి ఇంకాస్త ఆలస్యంగా వస్తుంది, అంతే.

నెల్లూరు నుంచి ముగ్గురిని పిలిపించి ధరలు అడిగాం. ఒకాయన రేకులు, గోడలు పీకేసి మొత్తం పఫ్ ప్యానెళ్ళతో, అంటే రెండు రేకుల మధ్య గట్టి నురుగు నింపిన పలకలతో, కొత్త గది నిలబెడతానన్నాడు. రొయ్యల కోల్డ్ స్టోరేజీలు కట్టే మనిషి, ఆయన లోకం అది. రెండో ఆయన ఫోన్లోనే అడుగుకు ఇంత అని చెప్పి, స్థలం చూడ్డానికి రాలేదు. మూడో ఆయన వచ్చి టేపు పెట్టి కొలిచి, కాగితం మీద రాసిచ్చాడు. పని ఇచ్చింది ఈయనకే. కాకపోతే ఆయన రాసిచ్చిన పని వేరు, మేం చేయించుకున్న పని వేరు.

ఆయన రాసిచ్చింది: నాలుగు గోడలకూ లోపలివైపు ఇనప ఫ్రేము, దాని వెనక వెండిరంగు బబుల్ ఫాయిలు, ముందు జిప్సం బోర్డు. పైన కూడా అదే. మొత్తం లక్షా డెబ్భై వేలు. "నాసా వాళ్ళు వాడే టెక్నాలజీ మేడం" అన్నాడు. ఫాయిలు పనిచేసే పద్ధతి నాకు తెలియంది కాదు. ఎదురుగా ఉన్న వేడి వస్తువు నుంచి వచ్చే వికిరణాన్ని మెరిసే ముఖం తిప్పికొడుతుంది, తను వేడెక్కినా బయటికి తక్కువ వదులుతుంది. అయితే ఆ మెరిసే ముఖానికి ముందు కనీసం అంగుళం ఖాళీ గాలి ఉండాలి. గోడకు అంటించేసి, దాని మీద బోర్డు నొక్కేస్తే అది నాలుగు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ బుడగల షీటు, ఇంకేం కాదు. ఈయన గీసి చూపించిన బొమ్మలో ఖాళీ ఎక్కడా లేదు. అడిగితే "బుడగల్లో గాలి ఉంది కదా మేడం" అన్నాడు. అక్కడ నేను క్లాసు మొదలుపెట్టబోతే మా ఆయన కాఫీ పేరుతో ఆపారు.

ఇక నాలుగు గోడల సంగతి. ఈ సమీక్షలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకుంటే ఇది పెట్టుకోండి: మన జిల్లాలో నాలుగు గోడలకూ డబ్బు పోయక్కర్లేదు. నెల్లూరు ఉన్నది 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర. ఏప్రిల్ ఆఖరులో ఒకసారి, ఆగస్టు మధ్యలో ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నెత్తి మీద ఉంటాడు. ఈ రెండింటి మధ్య, అంటే మే, జూన్, జూలైల్లో, కాస్త ఉత్తరానికి జరిగి ఉంటాడు. ఎండలు మండే రోజుల్లో దక్షిణపు గోడ మీద ఎండ దాదాపు పడదు. అది పడేది డిసెంబరు, జనవరుల్లో, అప్పుడు ఎవరికి బాధ? ఉత్తరపు గోడకు ఏటవాలుగా కాస్త తగులుతుంది. తూర్పు గోడకు మా ఇల్లే నీడ. మిగిలింది రేకులు, పడమటి గోడ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రేకులు, మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా పడమటి గోడ. పైగా మే నెలలో వీచే వడగాలి కూడా ఆ పడమటి నుంచే. మా డబ్బంతా ఈ రెండిటి మీదే పెట్టాం. కాంట్రాక్టరు ముఖం చిన్నబోయింది. ఆయన అడుగుల లెక్క సగానికి సగం పడిపోయింది మరి.

పైకప్పు పని ఎలా చేశారో కాస్త వివరంగా చెప్తాను, తేడా అంతా ఇక్కడే.

రేకులు ఆస్బెస్టాస్ కలిసిన సిమెంటు రేకులు. ఆ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకు ఏమవుతుందో తెలియనివాళ్ళే ఇప్పటికీ ఎక్కువ. ఏ రకం ఆస్బెస్టాస్ అయినా క్యాన్సర్ తెచ్చేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన దగ్గర మాత్రం తెల్ల ఆస్బెస్టాస్ దిగుమతై రేకుల్లోకి పోతూనే ఉంది. రేకు చెక్కుచెదరకుండా ఉంటే దుమ్ము లేవదు. కోస్తే, డ్రిల్లు పెడితే, వైరు బ్రష్షుతో గీకితే లేస్తుంది. పెయింటు కుర్రాళ్ళు తెచ్చుకున్నది వైరు బ్రష్షే. రేకుల మీద నాచు గీకుతామన్నారు. వద్దని, నీళ్ళు పట్టి తడి మీదే మెత్తటి చీపురుతో కడిగించాను. సీలింగు కడ్డీలు వేలాడదీయడానికి రేకులకు రంధ్రాలు వేస్తామని కాంట్రాక్టరు మనుషులన్నారు. అదీ వద్దన్నాం. రేకులకు కింద అడ్డంగా ఉన్న ఇనప గొట్టాలకు క్లాంపులు బిగించి వాటికే కడ్డీలు దించారు. వాళ్ళకు ఇంకో పూట ఎక్కువ పట్టింది, సణిగారు. సణిగినా చేశారు. ఇంత గదికి జిప్సం బోర్డే దాదాపు 190 కిలోలు తూగుతుంది. ఆ బరువు రేకుల మీద కాకుండా గొట్టాల మీద ఉండడమే ఎలాగూ మంచిది.

రేకుల పైన రెండు పూతలు తెల్లటి కూల్ రూఫ్ పెయింటు. కొత్తలో మంచి రకాలు ఎండలో ఎనభై శాతం దాకా తిప్పికొడతాయి, దుమ్ము పేరుకునే కొద్దీ తగ్గుతుంది. పక్క రాష్ట్రం తెలంగాణ 2023లో దీని కోసమే కూల్ రూఫ్ పాలసీ అని ఒకటి తెచ్చింది. మా ఖర్చులన్నిటిలో అతి తక్కువ ఖర్చుతో అన్నిటికంటే ముందు ఫలితం చూపించింది ఇదే. పెయింటు ఆరిన మర్నాడే రేకు అడుగు భాగం వేడి తగ్గింది. నాలుగే ఎందుకిచ్చానంటే, మా వీధిలో ఇసుక ట్రాక్టర్లు తిరుగుతాయి. వానలు పడేదాకా తెలుపు తెలుపుగా ఉండదు. రెండు నెలలకోసారి పైకెక్కి పైపు పట్టాల్సిందే.

దాని కింద ఖాళీ, ఆ ఖాళీ కింద తొమ్మిదడుగుల ఎత్తులో సమంగా జిప్సం సీలింగు. సీలింగు వీపు మీద రెండంగుళాల థర్మాకోలు రెండు వరసలు, కింది వరస అతుకుల మీద పై వరస అతుకులు పడకుండా. రేకుకూ థర్మాకోలుకూ మధ్య ఖాళీలోని వేడిగాలి బయటికి పోవడానికి ఉత్తరం, దక్షిణం గోడల పైభాగాన జాలీ కిటికీలు. ఉత్తరం వైపు దానికి ఏటవాలు రేకు పట్టీలు కూడా బిగించారు, తుఫాను వాన లోపలికి కొట్టకుండా. సన్న కంతల జాలీయే అడగండి. పెద్ద కంతలైతే ఉడతలు దూరి థర్మాకోలును బూందీ చేస్తాయి. చీమలకు కూడా అది మహా ఇష్టం, అందుకని అంచుల వెంట మందు కొట్టించాం.

ఇప్పుడు తూకం సంగతి. థర్మాకోలు కొనేటప్పుడు మందం ఒక్కటే చూస్తే మోసపోతారు, డెన్సిటీ కూడా అడగాలి. మేం ఒప్పుకున్నది 20 డెన్సిటీ, అంటే ఘనపు మీటరుకు 20 కిలోలు. మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, 50 మిల్లీమీటర్ల మందం ఉన్న షీటు ఘనపు మీటరులో నలభయ్యో వంతు. కాబట్టి ఒక్కొక్కటి అరకిలో తూగాలి. వచ్చిన లోడులోంచి ఒకటి తీసి వంటింటి కాటా మీద పెడితే 310 గ్రాములు చూపించింది. అది 12 డెన్సిటీ. కాంట్రాక్టరుకు ఫోన్ చేస్తే "అందరికీ ఇదే వేస్తాం మేడం, ఎవరూ తూకం వేయరు" అన్నాడు. ఆ నిజాయితీకి ఏమనాలో నాకు తోచలేదు. నిజం చెప్పాలంటే సీలింగు మీద పడుకోబెట్టే షీటుకు 12 అయినా వేడి ఆపడంలో తేడా కొంచెమే. బయట గోడకు వేసేదానికి మాత్రం గట్టిదనం కావాలి. అదంతా అలా ఉంచండి, ఇరవైకి డబ్బు తీసుకుని పన్నెండు వేయడం వేరే సంగతి. మాట్లాడకుండా లోడు మార్చి పంపాడు. మార్కులు తగ్గించింది తక్కువ రకం పంపినందుకు, మరీ తగ్గించనిది మార్చినందుకు.

పడమటి గోడకు బయటివైపు థర్మాకోలు వేయాలంటే కాంట్రాక్టరు ఒప్పుకోలేదు. "బయట ఎవరూ వేయరు మేడం, లోపలే వేస్తారు" అని ఒకటే మాట. లోపల వేస్తే ఫ్రేము, జిప్సం ఆయన పని, బయట వేస్తే పూత బేల్దారి మేస్త్రీది. కారణం అదే. చివరికి షీట్లు ఆయన దగ్గర కొని, పని మా మేస్త్రీ చేత చేయించాం. ముందు ఇటుక గోడకు మామూలు పూత. ఆరాక టైల్సుకు వాడేలాంటి సిమెంటు బంకతో షీట్లు అంటించి, గొడుగు తల ఉన్న పొడుగాటి ప్లాస్టిక్ మేకులు బిగించాడు. సాల్వెంటు వాసన వచ్చే బంకలు ఏవీ థర్మాకోలుకు తగలనివ్వకండి, కరిగిపోతుంది. షీట్ల మీద పాలిమర్ కలిపిన సిమెంటు పలచగా, అందులో పీచు వల ముంచి, పైన ఇంకో పూత. ఆ వల లేకపోతే ఒక్క ఎండాకాలానికే బీటలు. కింద నేలనుంచి ముప్పావు అడుగు వరకూ థర్మాకోలు వేయకుండా వదిలేశాం, చెదలూ చీమలూ కనిపించాలని. నాలుగు మార్కులే ఎందుకంటే, తడితే డొల్ల శబ్దం వస్తుంది, గేదె కొమ్ము తగిలితే సొట్ట పడుతుంది. సొట్ట ఇప్పటికే ఒకటి ఉంది.

బయటే ఎందుకని అంత పట్టుబట్టానో చెప్పాలి. చలిదేశాల వీడియోలు చూసి చాలామంది లోపల వేయించి, దాని మీద, జిప్సం బోర్డు వెనక, పాలిథిన్ కూడా కప్పిస్తున్నారు. అక్కడ తడిగాలి ఇంట్లో ఉంటుంది, చల్లదనం బయట. మనకు తలకిందులు. మనకు తడిగాలి బయట, ఏసీ చల్లదనం లోపల. మే నెల సాయంత్రం 32 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉందనుకోండి, ఆ గాలి 26 డిగ్రీల కంటే చల్లటిది ఏది తగిలినా అక్కడ నీళ్ళు వదులుతుంది. ఒంటి వరస సిమెంటు ఇటుకలోంచి, అతుకుల్లోంచి ఆ గాలి లోపలికి వస్తూనే ఉంటుంది. లోపల ఏసీ 22లో పెడితే జిప్సం బోర్డు వీపు, పాలిథిన్ వీపు ఆ 26 కంటే కిందే ఉంటాయి. తడి అక్కడ చేరుతుంది, మన కంటికి కనపడదు, బోర్డు కాగితానికి బూజు పట్టి వాసన వచ్చాక తెలుస్తుంది. అదే థర్మాకోలు బయట ఉంటే తడిగాలి చల్లటి గోడ దాకా సులువుగా రాదు. పైగా ఇటుక గోడ బరువంతా గదిలోపలి చల్లదనంతో ఉంటుంది, ఏసీ ఆపినా కాసేపు అలాగే నిలుస్తుంది. అందుకే మేం ఏసీ 26లో పెట్టి ఫ్యాను తిప్పుతాం. 2020 నుంచి వచ్చిన ఏసీలు ఆన్ చేయగానే 24లో మొదలవుతాయి, అత్తగారికి అది కూడా మరీ చల్లనే.

లోపల గోడలకు మామూలు సిమెంటు పూత, సున్నం, అంతే. దీని విలువ నవంబరులో తెలిసింది. మనకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్యం నుంచి. గాలివాన కొట్టేది ఉత్తరం, తూర్పు గోడలను. ఉత్తరపు గోడ కిటికీ మూల కింద చెయ్యంత చెమ్మ మచ్చ తేలింది. బయట చూస్తే కిటికీ చట్రం పక్కన వెంట్రుకవాసి పగులు. మేస్త్రీ వచ్చి పగులు పూడ్చి, ఆ గోడకు బయట వాటర్‌ప్రూఫ్ పూత ఇచ్చి పోయాడు. ఈ గోడకు కూడా కాంట్రాక్టరు లెక్క ప్రకారం లోపల జిప్సం కట్టించి ఉంటే ఆ మచ్చ బోర్డు వెనక ఉండేది, ఇనప ఫ్రేము తుప్పు పట్టేది, వచ్చే సంవత్సరం ఉప్పు పొంగి బోర్డు ఉబ్బాక మళ్ళీ ఆయన్నే పిలిచేవాళ్ళం. ఒంటి వరస గోడ వానకు ఎంతో కొంత తడుస్తుంది. అది కళ్ళ ముందు ఉండాలి.

నేల గురించి తొందరగా చెప్పేస్తాను. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు మా వీధి సంగతి చూశాక అడుగులో సగం ఎత్తు పెంచాం. మట్టి గట్టిపరిచి, మందపాటి పాలిథిన్ పరిచి, కాంక్రీటు, పైన టైల్స్. చెమ్మ కిందినుంచి ఎక్కకుండా ఆ పాలిథిన్ తప్పనిసరి. నేలకు థర్మాకోల్ వేయమని ఎవరైనా అంటే వినకండి. చలిదేశాల్లో నేల వేడిని లాగేస్తుంది కాబట్టి వాళ్ళు వేస్తారు. మనకు వేసవిలో నేల లాగే ఆ వేడి ఉచితంగా వచ్చే చల్లదనం. మా అత్తగారు మధ్యాహ్నాలు మంచం మీద కాకుండా నేలమీదే చాప వేసుకుంటారు.

కరెంటు పని చేసే కుర్రాడికి ఒక మాట గట్టిగా చెప్పాలి. వైర్లు థర్మాకోలుకు నేరుగా తగలకూడదు. వైరు పైపొరను మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థాన్ని థర్మాకోలు పీల్చేస్తుంది, పొర పెళుసై పగులుతుంది. వైరంతా పైపులోనే పోవాలి. సీలింగులో గుంత లైట్లు వద్దన్నాం. వేడెక్కే లైటు పైన థర్మాకోలు ఉండటం మంచిది కాదు, నూరు డిగ్రీల లోపే అది మెత్తబడుతుంది, అంటుకుంటే నల్లటి పొగతో మండుతుంది. థర్మాకోలును ఎక్కడా బయటికి కనపడేలా వదలకండి. కింద జిప్సం, బయట సిమెంటు పూత, ఏదో ఒకటి కప్పి ఉండాలి. కొనేటప్పుడు మంట త్వరగా అందుకోని రకం అని బిల్లు మీద రాయించుకోండి. పొయ్యి, గ్యాసు ఆ గదిలో పెట్టలేదు. టీ పెట్టుకుంటానని అత్తగారు పోరు పెట్టారు, కరెంటు కెటిలుతో రాజీ కుదిరింది.

ఫలితం అడుగుతారు కదా. ఈ మే నెలలో, ఏసీ వేయకుండా, కిటికీలు మూసి, ఫ్యాను తిప్పుతూ, బయట 41 ఉన్నప్పుడు లోపల 35. సీలింగు కింద తలకు తగిలే సెగ పూర్తిగా పోయింది. అంకె కంటే ముందు తెలిసేది అదే. టన్ను ఏసీతో పది నిమిషాల్లో 28కి దిగుతుంది, తర్వాత కంప్రెసరు ఎక్కువసేపు ఆగే ఉంటుంది. ముందు రేకులు ఎలా ఉన్నాయో అలాగే ఉంచి ఏసీ పెట్టి ఉంటే, ఎండ వేళ ఆ రేకులొక్కటే దించే వేడి టన్ను ఏసీ లాగే మూడున్నర కిలోవాట్లను మింగేసేది.

అయితే కాంట్రాక్టరు చెప్పని విషయం ఒకటుంది. ఇన్సులేషను చల్లదనం పుట్టించదు. వచ్చే వేడిని ఆపినట్టే, లోపల ఉన్న వేడిని పోనీయకుండా కూడా ఆపుతుంది. మొదటి రాత్రి కిటికీలు మూసే ఉంచితే బయట 30, లోపల 33. మా అత్తగారు తలుపు తీసి వాకిట్లో కూర్చుని, "ఏందమ్మాయ్ ఇది, ఇంత డబ్బు పోసి నన్ను పెట్టెలో పెట్టారా?" అన్నారు. అప్పటినుంచి పద్ధతి ఇది: పొద్దున ఎండ ముదరక ముందే కిటికీలు మూయడం, సాయంత్రం సముద్రపు గాలి తిరగగానే రెండు కిటికీలూ తీయడం. దీనికి రెండు వైపులా కిటికీలు ఉండాలి. గోడౌనుకు ఒకటే ఉంటే ఇంకొకటి కొట్టించాం. పడమటి కిటికీకి బయట రేకు నీడ కట్టించాం. అద్దంలోంచి నేరుగా వచ్చే ఎండను ఏ థర్మాకోలూ ఆపలేదు.

మాకు పడ్డ ధరలు: రెండంగుళాల 20 డెన్సిటీ థర్మాకోలు అడుగు 24 రూపాయలు. జిప్సం సీలింగు ఫ్రేముతో, కూలితో అడుగు 90. రెండు వరసల థర్మాకోలుతో కలిపి పైకప్పుకు ముప్పై మూడు వేలు. పడమటి గోడ రెండొందల అడుగులకు థర్మాకోలు, వల, పూత అన్నీ కలిపి ఇరవై ఆరు వేలు. తెల్ల పెయింటుకు ఐదున్నర వేలు. ఈ మూడూ కలిపి అరవై ఐదు వేల లోపు, ఆయన మొదట రాసిచ్చిన లక్షా డెబ్భై వేలకు బదులు. లోపలి పూతలు, నేల, కిటికీ వేరే. అవి ఏ పద్ధతిలోనైనా తప్పవు.

కాంట్రాక్టరు మనుషుల చేతిపని గురించి ఒక మంచి మాట. సీలింగు అతుకులకు టేపు వేసి, పుట్టీ పెట్టి, గీకిన తీరు బాగుంది. లైటు వేస్తే అతుకు ఎక్కడుందో కనపడదు. చెత్త వాళ్ళే ఎత్తుకుపోయారు. నెల తర్వాత ఒక మూల సన్నటి గీత వస్తే పిలిచాం. రెండు వారాలు రేపు మాపు అని, చివరికి వచ్చి సరిచేశారు. పది శాతం డబ్బు ఆపుకొని ఉండకపోతే వచ్చేవారో లేదో. మీరూ ఆపుకోండి.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. మా గోడౌనుకు పల్లంవైపు గోడే పదడుగులు ఉంది కాబట్టి నేల పెంచి, సీలింగు దించినా తొమ్మిదడుగులు మిగిలింది. మనుషులు ఉండే గదికి 2.75 మీటర్ల, అంటే సుమారు తొమ్మిదడుగుల ఎత్తు ఉండాలని జాతీయ భవన నియమావళి కూడా చెబుతుంది. మీ షెడ్డు పల్లంవైపు ఎనిమిదడుగులే ఉంటే లోపల సీలింగు దించకండి. పాత రేకులు పగలకుండా బోల్టులు విప్పి, తడిపి, జాగ్రత్తగా దింపించి, ఆ గొట్టాల మీదే పఫ్ ప్యానెళ్ళు వేయించుకోండి. ఖర్చు ఎక్కువే, కానీ ఎత్తు పోదు. ఆ పనికి మాత్రం కోల్డ్ స్టోరేజీలు కట్టే ఆ మొదటి ఆయన్నే పిలుస్తాను.